హీరోయిన్ ఫొటోలు, నా బిడ్డ ఆకలి

నా బిడ్డ నవ్య నా కండ్ల ముంగట పడిపోయిన దినం బతుకమ్మకు ఇంక వారం ఉన్నది. జనగామల మాది చిన్న టైలర్ షాపు. ముందల మిషిన్లు, ఎనక ఇల్లు. నవ్య మహబూబాబాద్‌ల హాస్టల్‌ల ఉండి నర్సింగ్ చదువుతున్నది. పండుగ సెలవులకు వచ్చిన పిల్లకు కొత్త జాకెట్ కుడదామని టేపు పట్టి కొలతలు తీస్తున్న. పోయినేడు రాసుకున్న కొలతలకు, గిప్పటి కొలతలకు పొంతనే లేదు. అబద్ధం ఎందుకు చెప్పాలె, నాకు సంతోషమైంది. "మంచిగ తగ్గినవ్ బిడ్డా, అచ్చం హీరోయిన్ లెక్కున్నవ్" అన్న.

చేతులు పైకెత్తుమన్న. ఎత్తింది. ఎత్తిన చేతులు అట్లనే ఉండంగ కండ్లు తేలేసి ఎనక్కి పడ్డది. తల పోయి మిషిన్ ఇనుప స్టాండుకు కొట్టుకున్నది. నెత్తురు కింద పరిచిన లైనింగ్ గుడ్డల మీద కారింది. నేను ఒర్రుకుంట తలను ఒడిల పెట్టుకున్న. చేతిలకు జుట్టు కుచ్చులు కుచ్చులుగ ఊడొచ్చింది. పగిలిన తలకంటె ఆ వెంట్రుకలకే ఎక్కువ భయపడ్డ.

మా ఆయన రాజయ్య సరుకుల డీసీఎం వ్యాను నడుపుతడు. ఆ దినం ఇంటికాడనే ఉన్నడు కాబట్టి బైకు మీద మా మధ్యల కూసోబెట్టుకొని దవాఖానకు ఉరికినం. కుట్లు ఏసిండ్రు, రక్తపరీక్ష చేసిండ్రు. "హిమోగ్లోబిన్ తక్కువుంది, మంచిగ తినబెట్టుండ్రి" అని టానిక్ రాసిండ్రు.

నెలనెల వచ్చేది కూడ చాన దినాలసంది వస్తలేదని నవ్య నాకు ఆ రాత్రి చెప్పింది. తెల్లారి మళ్ల పోతే డాక్టరమ్మ థైరాయిడ్, స్కానింగ్, యూరిన్ పరీక్ష రాసింది. "పెండ్లి కాని పిల్ల అయినా ప్రెగ్నెన్సీ టెస్ట్ చెయ్యాల్నమ్మా, రూల్ గది" అన్నది. ఆ మాట రాజయ్య చెవుల పడ్డది. రిపోర్టు వచ్చేదాక కూడ ఆగలే. కారిడార్‌ల అందరు చూస్తుండంగ పిల్లను చెంప మీద కొట్టిండు. రెండో దెబ్బకు గోడకు పోయి తగిలింది. కమ్మ ఊడి పడ్డది, చెవి నుంచి నెత్తురు. నవ్య ఏడ్వలే. కమ్మ ఎతుక్కొని గుప్పిట్ల పట్టుకొని కూసున్నది.

రిపోర్టు నెగెటివ్ వచ్చింది. రాజయ్య దాన్ని చూసి, మడతపెట్టి నాకిచ్చి, బండి స్టార్ట్ చేసుకుందామని బయటికి పోయిండు. ఒక్క మాట అనలే.

అసలు సంగతి నేను హాస్టల్‌కు పోతే నవ్య రూమ్మేట్ చెప్పింది. కాలేజీ ఫంక్షన్‌ల నవ్య డాన్స్ చేసింది. ఎవరో ఆ వీడియో తీసి, ఒకపక్క అదే పాటకు ఆడిన హీరోయిన్‌ను, ఒకపక్క నా బిడ్డను పెట్టి ఇన్‌స్టాల ఏసిండ్రట. కింద కామెంట్లు. ఒకడు బుల్డోజర్ అన్నడట, ఒకడు స్టేజీకి ఇన్సూరెన్స్ చెయ్యుండ్రి అన్నడట. "ఆంటీ, అవన్నీ నవ్యకు కంఠతా వస్తయి" అన్నది ఆ పిల్ల.

కామెంట్లు పెట్టినోళ్లను తిట్టుకుంట ఇంటికొచ్చిన. చాన దినాల తర్వాత మెల్లగ నా మాటలు నాకు యాదికొచ్చినయ్. మా షాపుకు వచ్చేటోళ్లు ఫోన్‌ల హీరోయిన్ ఫొటో చూపించి "గిట్ల కుట్టు" అంటరు. "గామెకు పడ్డట్టు మనకు పడుతదా అక్కా? మన చేతులు జూడు, రోకళ్ల లెక్క" అని నేను నవ్వుతుంటి. చిన్నప్పటిసంది నవ్య అక్కడనే కూసొని హుక్సులు కుట్టింది. ఆ మాటలన్నీ ఆ పిల్ల చెవులల్ల పడుకుంటనే పోయినయ్.

కని అప్పుడు నాకు అంత తెలివి లేదు. కాలేజీకి పంపక ఇంట్లనే ఉంచి తిండి పెడితే అయిపోతది అనుకున్న. నవ్య కంచం ముంగట కూసొని మెతుకులు అటు జరిపి ఇటు జరిపి లేస్తది. కడుపు నొస్తుందంటది, తిన్ననంటది. ఒక పొద్దు నాకు బాగ కోపమొచ్చింది. పిల్లను కింద పడేసి, మోకాలు తొడ మీద పెట్టి, ఒక చేత్తో దవడ పట్టుకొని, ఇంకో చేత్తో పప్పన్నం ముద్ద నోట్లె కుక్కిన. "మింగు! మింగుతవా చస్తవా!" అని ఒర్రిన. నా చూపుడు వేలును పండ్లతోటి పట్టింది. ఇడువలే. వేలు ఎముక దాక దిగింది. గుంజుకునేసరికి అన్నమంత ఎర్రగైంది. "నువ్వు నన్ను సంపుతున్నవే అమ్మా!" అని అరిసింది. రాజయ్య ఉరికొచ్చి కంచం తీసి గోడకు కొట్టిండు. పక్కింటోళ్లు ఏందో హత్య జరిగిందనుకొని తలుపులు బాదిండ్రు.

గిదే కొట్లాట రోజు జరిగింది. పొద్దుగాల్ల నేను కొట్టేదాన్ని, మాపటికి వాళ్ల బాపు కొట్టేటోడు. నవ్య కూడ మమ్ముల కొట్టేది. ఒళ్లుల సత్తువ లేదు, ఆ కోపం యాడికెల్లి వచ్చేదో నాకు తెల్వది. నా జుట్టు పట్టుకొని గుంజేది, గోళ్లతోటి రక్కేది. కొట్లాడినంక ఇద్దరం ఒకే గోడకు ఆనుకొని ఆయాసపడుకుంట కూసుందుము.

ఒకనాడు షాపుల ఒక గిరాకీ ఆమె ఫోన్ చూపించి జాకెట్ మోడల్ చెప్తున్నది. నవ్య వీడియో పక్కన పెట్టిన హీరోయినే. నవ్య లోపల్నుంచి వచ్చి ఆ ఫొటో చూసింది. టేబుల్ మీది ఇస్త్రీపెట్టె ఎత్తి నిలువుటద్దానికేసి కొట్టింది. అద్దం భళ్లుమని మా కాళ్ల మీద పడ్డది. గిరాకీ ఆమె కాలు తెగింది. "గామెను నా ఇంట్లకు తేకుండ్రి!" అని నవ్య పెంకుల మీద వట్టి కాళ్లతోటి నిలబడి ఒర్రుతనే ఉన్నది.

సలికాలం నడుమల ఒక పొద్దు లేపితే లేవలే. గోళ్లు నీలం రంగు. వరంగల్‌ల ఒక దవాఖానకు తీస్కపోతే ఐసీయూల ఏసిండ్రు. డ్యూటీ డాక్టర్ చిన్న వయసు అబ్బాయి. ఇసిజి కాయితం చూసుకుంట అన్నడు, "పల్స్ బాగా తక్కువుంది, పొటాషియం పడిపోయింది. గుండె ఎప్పుడైనా ఆగిపోవచ్చు. ఇక్కడ సంతకం పెట్టండమ్మా." నవ్య కొరికిన వేలు ఇంక సరిగ వంగుతలేదు. ఎట్లనో పెట్టిన.

ఆయననే సైకియాట్రీ మేడంను పిలిపించిండు. ఆమె నవ్యతోటి ఒక్కదానితోటే చానసేపు మాట్లాడింది. తర్వాత మమ్ముల కూసోబెట్టి, "దీని పేరు అనొరెక్సియా నెర్వోసా. ఈటింగ్ డిజార్డర్. మొండితనం కాదు, జబ్బు" అన్నది.

రాజయ్య నమ్మలే. "తిండి లేక మా అవ్వోళ్లు జొన్న గట్క తిని బతికిండ్రు మేడం. ఇంట్ల బియ్యం పెట్టుకొని తినకపోవుడు జబ్బెట్లయితది?"

"మీరు కొట్టినా తినలేదు కదా? ప్రాణం మీదికొచ్చినా తినలేదు. అంత భయం ఊరికే వస్తదా?" అన్నదామె. హీరోయిన్ వల్లనే అయిందా అని నేనడిగిన. "ఒక్క ఫొటోతోటి రాదమ్మా. లోపల మనసు ఎట్లుందో, ఇంట్ల మాటలు, బయటి మాటలు, కడుపు మాడ్చుకునుడు, అన్నీ కలుస్తయి. ఆ ఫొటోలు మాత్రం మానుతున్న పుండును మళ్ల మళ్ల గీకుతయి."

ఇంకోటి కూడ చెప్పింది. ఇన్నాళ్లు ఎండిన ఒంటికి ఒక్కసారిగ ఎక్కువ తిండి పోతే రీఫీడింగ్ సిండ్రోమ్ అయి ప్రాణం పోవచ్చట. కొంచెం కొంచెం, రక్తం పరీక్షలు చూసుకుంట పెంచాల్నట. నేను మోకాలు పెట్టి కుక్కిన ముద్దలు యాదికొచ్చి బాత్రూంలకు పోయి కక్కుకున్న.

కడుపులకు తిండి పోను ముక్కుల నుంచి రైల్స్ ట్యూబ్ ఏసిన మొదటి దినమే నవ్య దాన్ని గుంజిపారేసింది. నెత్తురు సిస్టర్ తెల్లకోటు మీద చిమ్మింది. నలుగురు పట్టుకున్నరు. ఆ సిస్టర్ నవ్య ముక్కు తుడుసుకుంట, "నువ్వు కూడ నర్సువే గద రేపు. నాకు సాయం చెయ్యి బిడ్డా" అన్నది. నవ్య అప్పుడు ఏడ్చింది. చెంప దెబ్బ తిన్న దినంసంది దాచుకున్నదంత ఆ రోజు ఏడ్చింది.

డిశ్చార్జి అయినంక షాపు వాతావరణం కొన్నాళ్లు వద్దన్నరు. భూపాలపల్లి దిక్కు చిట్యాలల నా చెల్లె రమ ఉంటది. అక్కడికి పోయినం. డైటీషియన్ రాసిచ్చిన ప్రకారం టైముకు తిండి, పక్కన నేను. రెండు వారాలకొకసారి వరంగల్ పోయి సైకాలజిస్ట్‌ను కలిసొచ్చుడు. ఒక ముద్దకు పావుగంట పట్టేది. తిన్నంక వణికేది. అయినా ఒళ్లు తేరుకున్నది. సైకాలజిస్ట్ చెప్తే ఇన్‌స్టాల సన్నటి హీరోయిన్లందర్ని తీసేసింది. ఒక్కామెను ఉంచుకున్నది. ఆమె జర బొద్దుగ ఉంటది. "నేను గిట్లనే ఉంట, నచ్చితే చూడుండ్రి" అని ఇంటర్వ్యూలల్ల చెప్పేది. ఆ మాట నవ్య ఫోన్‌ల పెట్టుకొని అన్నం తినేముందు వినేది.

ఒక దినం రమ వాళ్ల టీవీల ఏదో సినిమా ఫంక్షన్ వస్తున్నది. ఆ బొద్దు హీరోయినే, గుర్తుపట్టలే మేము. బొక్కలు తేలి పుల్ల లెక్కున్నది. యాంకర్ పొగుడుతున్నడు, జనం చప్పట్లు. మా రమ పాపం ఏం తెల్వక, "అబ్బ, ఎంత మంచిగ తగ్గింది!" అన్నది.

నవ్య చేతిల కంచం ఉన్నది. కింద పెట్టి లోపలికి పోయింది. గుడ్డ చినుగుతున్న సప్పుడు నేను మస్తు గుర్తుపడుత. ఉరికిన. తనకు నిండుగ పట్టెటట్టు నేను కుట్టిన డ్రెస్సులు మంచం మీద ఏసుకొని కత్తెరతోటి పీలికలు చేస్తున్నది. "ఆమె కూడ మోసం చేసిందమ్మా! అందరు అబద్ధమే! నన్ను ఒక్కదాన్నే తినుమంటున్నరు!" దగ్గరికి పోయిన. "రాకు, పొడుస్త!" అని కత్తెర ఎత్తింది. నేను పట్టుకున్న, నవ్య గుంజింది. నా అరచెయ్యి అడ్డంగ చీరుకపోయింది. నెత్తురు పీలికల మీద పడుతుంటే ఇద్దరం ఒకల్లనొకలం చూసుకున్నం. కత్తెర ఇడిసిపెట్టి, ఆ పీలికలే నా చేతికి చుట్టింది నవ్య. గట్టిగ, పద్ధతిగ, కాలేజీల నేర్పినట్టు. చుట్టుకుంట, "నన్ను దవాఖానకు తీస్కపో అమ్మా" అన్నది.

మళ్ల పన్నెండు దినాలు అడ్మిషన్. ఈసారి ఆమెనే అడిగి పోయింది. మేడం నవ్యతోటి, "ఆ హీరోయిన్‌కు ఏమైందో మనకు తెల్వది. జబ్బో, మందులో, పని ఒత్తిడో. ఆమె మీద కోపం వద్దు, ఆమెను పట్టుకొని నిలబడుడు కూడ వద్దు" అన్నది.

సైకాలజిస్ట్ మమ్ముల ముగ్గుర్ని కూసోబెట్టింది. నవ్య వాళ్ల బాపు దిక్కు చూడకుంటనే, "నువ్వు రిపోర్టు చూసినంక కూడ ఏమనలే" అన్నది. రాజయ్య టవల్‌తోటి మొఖం తుడుసుకున్నడు. "ఆ దినం నాకు సిగ్గైంది బిడ్డా. సిగ్గు కప్పుకోను మళ్ల మళ్ల కొట్టిన. తప్పు నాదే" అన్నడు. నవ్య క్షమించిన అనలే. ఇప్పటికి కూడ అనలే. కని ఆనాటిసంది మా ఇంట్ల ఎవరూ ఎవరి మీద చెయ్యి లేపలే.

ఇప్పుడు నవ్య మళ్ల మహబూబాబాద్‌ల చదువుతున్నది. ఒక ఏడాది పోయింది, పోనీ. నెలకొకసారి రివ్యూకు పోతం. గోలీలు ఉన్నయ్. కొన్ని దినాలు ఫోన్‌ల గొంతు వింటేనే ఇయ్యాల తినలేదని నాకు తెలుస్తది. కత్తెర తెగిన చేతికి రెండు వేళ్లు మొద్దుబారినయ్. కుట్టుడు తగ్గించిన, షాపుల చీరలకు ఫాల్స్, పికో ఎక్కువ చేస్తున్న. ఎవరి ఒంటి గురించి ఎవరు మాట్లాడినా "కొలత చెప్పుండ్రి, ముచ్చట వద్దు" అంట.

పోయిన నెల భూపాలపల్లిల ఒక లగ్గానికి పోయినం. మా ఆడిబిడ్డ నవ్యను చూసి, "జర ఒళ్లు చేసినవేందే?" అన్నది. నవ్య, "నా ఒళ్లు సంగతి ఇడిసిపెట్టు గని, షుగర్ గోలీ ఏసుకున్నవా అత్తా?" అన్నది. అందరు నవ్విండ్రు. తర్వాత పిల్ల కనబడకపోతే బయటికొచ్చి చూసిన. మా బండి ఎనక నిలబడి వణుకుతున్నది. పోయి పక్కన నిలబడ్డ. అరగంటకు మొఖం కడుక్కొని, "పా అమ్మా, అన్నం బంతిల కూసుందాం" అన్నది.

చదివేటోళ్లకు నేను చెప్పేది ఒక్కటే. పిల్ల తిండి మానేస్తే కొట్టకుండ్రి, కుక్కకుండ్రి. మానసిక వైద్యులున్న దవాఖానకు తీస్కపోయి, మాట సరిగ చెప్పుండ్రి. నేను మొదట పోయిన కాడల్లా "తింటలేదు" అని చెప్పిన. తింటలేదంటే టానిక్ రాసిండ్రు. ఐసీయూ ముంగట ఆ చిన్న డాక్టర్ అడిగితే మాత్రం ఎందుకో నా నోట్లెకెల్లి, "సారూ, నా బిడ్డ అన్నం చూస్తే భయపడుతున్నది" అని వచ్చింది. ఆయన రాసుడు ఆపి తలెత్తి చూసిండు. ఆ మాట మీదనే సైకియాట్రీ మేడంకు ఫోన్ చేసిండు. గదే మాట చెప్పుండ్రి.