గార పట్టిన అద్దాల తొట్టి

నా చిన్నప్పుడు మా బుగ్గారంల ఎవరింటికన్న దుబాయి నుంచి మనిషి వస్తున్నడంటే వాడకట్టు పిల్లలమంతా ఆ గడప దగ్గర్నే కూసునేవాళ్లం. పెట్టెలు విప్పేదాక లేచేది లేదు. మా బాపు వచ్చిన పొద్దు కూడా పిల్లలు అట్లనే వచ్చిన్రు. వాళ్లను పిలిచింది నేనే. మా బాపు నాకు మాట్లాడే బొమ్మ తెస్తడని బడిల అందరికి చెప్పుకున్న.

బాపు ఒంటి మీది బట్టలతోని, చేతిల ఒక ప్లాస్టిక్ సంచితోని బస్సు దిగిండు. ఏజెంటు చెప్పిన పని అక్కడ లేదని, ఇంకో దగ్గర చాటుగ పని చేసుకుంటుంటే అక్కడి పోలీసులు పట్టుకొని వాపసు పంపిన్రని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఆ పొద్దు మాత్రం పిల్లలందరు ఆ సంచి దిక్కే చూసిన్రు. అండ్ల ఒక లుంగీ, ఒక తువ్వాల ఉన్నయి. ఎదురింటి పిల్ల నా చెవిల, పెట్టెలు ఎనుక బస్సుల వస్తయా అని అడిగింది. మెల్లగనే అడిగింది కాని బాపుకు వినపడ్డది. ఆయన నా మొఖం చూసి, తల దించుకొని లోపలి అర్రలకు పోయిండు.

ఆ తర్వాత బాపు వీధిలకు రాలేదు. పలకరించటానికి వచ్చినోళ్లందరు ఒక్కటే అడిగేవాళ్లు. ఏమైంది, ఎందుకు వచ్చినవు, మళ్ల ఎప్పుడు పోతవు. అడిగినోళ్లల్ల చెడ్డోళ్లు లేరు. అయినా ఒక్కొక్క మాటకు బాపు తల ఇంకింత కిందికి వంగేది. కొన్నాళ్లకు ఎవరు పిలిచినా పలుకుడు మానేసిండు. అమ్మ బోరింగు దగ్గర జనం లేని యాళ్ల చూసుకొని నీళ్లకు పోయేది. నేను కడుపునొప్పని బడి ఎగ్గొట్టేదాన్ని. సిగ్గు మా ఇంట్ల ఒక మనిషి లెక్క తిరిగేది. అన్నం తినేటప్పుడు సుత ఒకరి మొఖం ఒకరం చూసుకోకపోయేవాళ్లం.

కోరుట్లల బీడీలు చేసుకొని బతికే మా మేనత్తకు ఈ సంగతి తెలిసింది. ఆమె బాపుకు సొంత అక్క. ఒకనాడు పొద్దున్నే గోనెసంచి చుట్టిన పెద్ద అద్దాల తొట్టి మోసుకుంట బస్సు దిగి వచ్చింది. ఎవరో చేపలు పెంచి వదిలేసిన తొట్టి, పాత సామాన్ల దుకాణంల కొన్నదట. బోరు నీళ్లకు లోపలంతా తెల్లగ గార పట్టి, అద్దమో గోడో తెలియకుంట ఉన్నది.

అత్త బాపును ఎట్లున్నవని అడుగలేదు. కోరుట్లల ఒక షావుకారు దుకాణంల పెట్టుకుంటనన్నడని, గార పోగొట్టి సాయంత్రం బస్సుకు తీసుకపోవాలని చెప్పింది. తొట్టిని ఎనుక దొడ్ల పెట్టి, బూడిద, కొబ్బరి పీచు పట్టుకొని తానే రుద్దుడు మొదలుపెట్టింది. గార కొంచెం కూడా కదలలేదు.

"తమ్మీ, నాతోని అయితలేదు. జర నువ్వు చూడు," అన్నది.

బాపు చాలాసేపు గడపల్నే నిలబడి చూసిండు. రుద్దుతె అద్దానికి గీతలు పడతయని గొణిగి, దగ్గరికి వచ్చి కూసున్నడు. తొట్టిని ఒక పక్కకు పండబెట్టి, ఇంట్ల ఉన్న నిమ్మకాయలు పిండి, పాత ధోతి గుడ్డను ఆ రసంల తడిపి గార మీద పరిచిండు. గుడ్డ ఎండకుంట రసం చల్లుకుంట కూసున్నడు. కొంతసేపటికి గుడ్డ తీసి తుడిస్తె గార మెత్తబడి సున్నం ముద్ద లెక్క ఊడి వచ్చింది. ఒక పక్క అయినంక ఇంకో పక్కకు తిప్పిండు. అట్ల చేసుకుంట పోతుంటె నడుమల నిమ్మకాయలు అయిపోయినయి.

ఎదురింట్ల నిమ్మ చెట్టు ఉండె. పోయి అడిగి తెమ్మని బాపు నాకు చెప్పిండు. నేను కదలలేదు. ఆ పిల్ల మొఖం చూడాలంటే నాకు పానం పోయినట్టు ఉండె. బాపు నన్ను చూసిండు, ఎండుతున్న గుడ్డను చూసిండు. తడి చేతులు లుంగీకి తుడుచుకొని, తలుపు తీసుకొని తానే వీధిలకు పోయిండు. బియ్యం ఏరుతున్న అమ్మ చెయ్యి చాటలనే ఆగింది.

తిరిగొచ్చేటప్పుడు బాపు ఒడినిండ నిమ్మకాయలున్నయి. ఎనుకంగ ఎదురింటాయన, ఆ పిల్ల, ఇంకో ఇద్దరు ముగ్గురు, అద్దాల తొట్టి ఎట్లున్నదో చూద్దామని వచ్చిన్రు. అందరు చుట్టు కూసున్నరు. ఒకరు చింతపండు మంచిదన్నరు, ఒకరు సబ్బు అన్నరు. సబ్బు తగిలితె రేపు అండ్ల చేపలు బతకవని బాపు చెప్పిండు. చాలా రోజులకు ఆయన గొంతు వీధిదాక వినపడ్డది. ఆ దొడ్ల ఎవ్వరు దుబాయి మాట ఎత్తలేదు.

మంచినీళ్లతోని కడిగి కడిగి ఎండబెట్టినంక, అత్త తొట్టి తీసుకపోనే లేదు. షావుకారుకు ఇంకోటి చూస్తనన్నది. బస్టాండుదాక నేను తోడు పోయిన. ఆ షావుకారు ఎవరని అడిగిన.

"షావుకారు లేడు, ఎవ్వలు లేరు బిడ్డా. ఏమైంది, ఏమైందని మీ బాపును అందరు అడుగుతున్నరు. గీ పని చేసిపెట్టుమని ఒక్కలన్న అడగద్దా?" అన్నది.

బాపు మళ్ల దుబాయి పోలేదు. ఆ వారంల్నే ఎదురింటాయన పిలిస్తె పసుపు తవ్వేతందుకు పోయిండు, తర్వాత పని వెంట పని దొరికింది. సిగ్గు ఒక్కనాడే పోలేదు. గల్ఫు మాట వస్తె ముసలితనంల సుత బాపు తల దించుకునేటోడు. కాని తలుపు మాత్రం మళ్ల మూసుకోలేదు.

మొన్న మా వీధిల ఒకామె కొడుకు మస్కట్ నుంచి నడుమలనే వాపసు వచ్చిండు. బయటికి వస్తలేడని అందరు చెప్పుకుంటున్నరు. మా ఇంట్ల టేబుల్ ఫ్యాన్ నిజంగనే ఆగిపోయి ఉండె, జర చూసిపెట్టుమని పట్టుకొని వాళ్లింటికి పోయిన. ఆ పిలగాడు తల ఎత్తకుంటనే నా చేతిల నుంచి తీసుకొని, ఎప్పటిసంది తిరుగుతలేదని అడిగిండు. నేను ఫ్యాను గురించే చెప్పిన.