అమలమ్మ ఊదా పాదాలు

గుడివాడ అవతల చేపల ప్యాకింగ్ షెడ్డులో ఐసు నీళ్లలో నిలబడి నిలబడి మా అమలమ్మ కాలివేళ్ల సందులు పాచిపోయాయి. ఆసుపత్రిలో డాక్టరమ్మ జెన్షన్ వయొలెట్ రాసింది. బట్టలకద్దే రంగుల జాతిలో పుట్టి, ఫంగస్‌ను చంపే మందుగా స్థిరపడిన ఊదా నీళ్లవి. పొద్దునా సాయంత్రం పూయాలి. పుండు ఎండుతుంది గానీ రంగు ఎంత తోమినా పోదు.

అంతలో ఈస్టరు ముందటి పవిత్ర గురువారం వచ్చింది. ప్రభువు తన శిష్యుల కాళ్లు కడిగిన గుర్తుగా ఆ సాయంత్రం ఫాదర్ గారు పన్నెండుమంది పాదాలు కడిగి, తుడిచి, ముద్దు పెట్టుకుంటారు. మా గుడిలో ఆ వరసలో ఆడవాళ్లకు చోటివ్వడం అదే మొదలు. అమలమ్మ పేరు అందులో ఉంది.

సంఘపెద్ద జాన్సన్ ఆమె కాళ్లు చూసి గుండె పట్టుకున్నాడు.

“అత్తా, వన్ టౌన్ బజారు నుంచి కొత్త తెల్ల టవళ్లు తెప్పించానే! ఈసారికి తెరేసమ్మని కూర్చోబెడదాం.”

“దాని కాళ్లకేమన్నా బంగారం పూశారా?”

“పోనీ మేజోళ్లు తొడుక్కో.”

“మేజోళ్ల మీద నీళ్లు పోస్తారా అల్లుడూ? ఈ ఉపవాస దినాల్లో గుళ్లో సిలువకే ఊదా గుడ్డ కప్పారు. నా కాళ్లకుంటే తప్పొచ్చిందా?”

మిగతా పదకొండుమందిమీ ఇంటి దగ్గరే రాయితో రుద్ది, సబ్బుతో తోమి, పౌడరద్దుకుని మరీ వచ్చాం. మా ఊరి మర్యాద అది. అమలమ్మ మాత్రం సాయంత్రం మందు అప్పుడే పూసుకుని, తడి ఆరకుండా వచ్చి నా పక్కన కూర్చుంది.

“ఇవాళొక్క పూట మానకూడదా అత్తా?” జాన్సన్ గొణిగాడు.

“కడిగిన కాళ్లు కడగటానికి ఫాదర్ గారెందుకయ్యా? ఈ కాళ్లు షెడ్డులో నిలబడబట్టే నా ఇల్లు నిలబడింది. దాచను పో!”

ఫాదర్ గారు వంగారు. పళ్లెంలో నీళ్లు ఊదా. టవలు ఊదా. ముద్దు పెట్టుకుని తలెత్తితే పెదవులూ ఊదా. పాట పాడే ఆడపిల్లలు పల్లవి మధ్యలో కిసుక్కుమన్నారు.

“ఫాదర్ గారూ, మూతి…” అన్నాడు జాన్సన్, చెమటలు కక్కుతూ.

“ఏం కాదులే అల్లుడూ. పసిపిల్లల నోటిపూతకి ఇదే పూసేవాళ్లం,” అంది అమలమ్మ.

“చేదుగా ఉందమ్మా,” అని నవ్వి ఫాదర్ గారు నా ముందుకు జరిగారు.

గంధం పౌడరు కొట్టుకొచ్చిన నా పాదం కడిగి, తుడిచి ముద్దు పెట్టుకుంటే, దాని మీద ఊదా పెదవుల అచ్చు పడింది. చటుక్కున పంచె కిందికి లాక్కున్నాను.

అమలమ్మ నా చెవి దగ్గరికి వంగింది.

“దాస్తారేంటండీ మాస్టారూ? బయట పెట్టండి!”

పెట్టాను.