ఆకు దూయని మల్లె

మా నాన్నగారి పక్కన భోజనానికి కూర్చోవడం ఒక శిక్ష. గ్లాసులో గుక్కెడు నీళ్లు తగ్గితే చాలు, చెంబు వంచేవారు. వద్దని చెబుదామంటే మా నోట్లో అన్నం ఉండేది.

అమలాపురంలో మా పెరట్లో నూతి పక్కన బొండుమల్లె ఉండేది. దాన్ని మాత్రం అమ్మ ఆయన చేతికి వదిలేది కాదు. మాఘమాసం రాగానే నీళ్లు మానేసి, పాదు ఎండగట్టి, ఆకంతా దూసేసేది. చెట్టు చీపురుకట్టలా మిగిలేది. శివరాత్రి వెళ్లాక ఎరువేసి మళ్లీ నీళ్లు పెడితే, ఉగాదికల్లా మొగ్గ. ఆ ఎండగట్టే రోజుల్లో నాన్నగారు పెరటివైపే వెళ్లేవారు కాదు. "కసాయి పని" అనేవారు.

ఎనభైల మొదట్లో అమ్మని కాకినాడ ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. కోటిపల్లి వెళ్లే పడవెక్కుతూ, "మల్లెలు పూసేసరికి ఇంటికొచ్చేస్తానండీ" అంది నాన్నగారితో. డాక్టరుగారు ఏ గడువూ చెప్పలేదు గనక మేమంతా దీన్నే పట్టుకున్నాం.

మాఘంలో చూడ్డానికి వెళితే అమ్మ మొదటి మాట, "ఆకు దూయించేరా?"

"ఆఁ, ఆ పనిలోనే ఉన్నాం" అన్నారు నాన్నగారు. రోగితో వాదించకూడదని ఆయన సిద్ధాంతం.

ఇంటికొచ్చి పొద్దున ఓ బిందె, సాయంత్రం ఓ బిందె పోసేవారు. ఆకు దూయాలండీ అని నేను గుర్తుచేస్తే, "ఇంట్లో మనిషి అలా ఉంటే, ఇంకో ప్రాణిని ఎండగట్టమంటావేంట్రా?" అన్నారు.

ఉగాది వెళ్లాక, "ఇంటికి తీసుకెళ్లండి, అడిగింది పెట్టండి" అన్నారు ఆసుపత్రిలో. అది మందుచీటీ కాదని మా అందరికీ తెలుసు. నాన్నగారు మాత్రం, "చూశావా, చెప్పిన వేళకే వచ్చేస్తోంది" అన్నారు.

పెరట్లో నులకమంచం వేసి అమ్మని కూర్చోబెట్టాం. చెట్టు నిగనిగలాడుతూ నడుమెత్తు పెరిగింది. ఎటు చూసినా ఆకే. పక్కింటి మల్లెల వాసన గోడ దాటి వస్తోంది. అమ్మ ఒక కొమ్మ తిప్పి చూసింది, తరవాత ఇంకొకటి. నాన్నగారు గ్లాసు అందించారు. ఒక గుక్క తాగింది. ఆయన చెంబు వంచి మళ్లీ నింపారు.

"రేపో మాపో వేస్తుందిలే మొగ్గ" అన్నారు.

"ఇంకెక్కడి మొగ్గండీ. మళ్లీ మాఘంలో దూయాలి. అప్పటిదాకా నేనుండను."