నూనెలో మునిగిన పెళ్లి

ఏళ్లుగా ఒక మాట నా గొంతులో ఇరుక్కుని ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

నిజామాబాద్‌లో నాకు కంప్యూటర్లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. అంతకు ముందు బోధన్‌లో శంకరన్న స్టూడియోలో పెళ్లి వీడియోలు తీసేవాడిని. ఒక పెళ్లిలో ఆయన కెమెరా లెన్సు కనబడలేదు. ఫంక్షన్ హాలులో, భోజనాల వరుసల మధ్య, నా సంచిని నేల మీద బోర్లించాడు. నా లుంగీ, దువ్వెన, టిఫిన్ డబ్బా పెళ్లివాళ్ల కాళ్ల దగ్గర పడ్డాయి. లెన్సు లేదు. మర్నాడు అది ఆయన కారు సీటు కిందే దొరికింది. ఆ సంగతి నాకొక్కడికే చెప్పి నవ్వేశాడు. వెతికింది అందరి ముందు, దొరికిందన్నది నా ఒక్కడి చెవిలో. ఆ తర్వాత ఏ పెళ్లికి పోయినా ఎవరో ఒకరు నా సంచి వైపు చూసేవారు. పని మానేశాను. ఆ నవ్వును మాత్రం ఇప్పటికీ మరచిపోలేదు.

కొన్నేళ్లకు, ఎండలు ముదిరే వేళ, ఆయనే నా దుకాణం మెట్లెక్కాడు. ఎడిటింగ్ కంప్యూటర్ వేడెక్కి ఊరికే ఆగిపోతోందట. స్టూడియో వెనకే బెల్లం వండే బట్టీలు. చెరుకు పిప్పి మసి ఎగిరొచ్చి ఫ్యాన్లకు జిడ్డులా పట్టేస్తుంది. ఫోన్లో ఏదో వీడియో చూశాడు. అద్దాల తొట్టి, నిండా నూనె, అందులో మునిగి పనిచేస్తున్న కంప్యూటర్. అలాంటిది తనకూ చేసిపెట్టమన్నాడు.

ఆ పని మీద నాకూ మోజు ఉండేది. అబద్ధం ఎందుకు? మినరల్ ఆయిల్‌లో కరెంటు పారదు, కాబట్టి షార్ట్ కాదు. గాలి కంటే నూనె వేడిని బాగా లాగేస్తుంది. ఫ్యాన్ల రొద ఉండదు, మసి చొరబడదు. ఇవన్నీ ఆయనకు ఊరించి చెప్పాను. ఇబ్బందులూ చెప్పాను. నూనె వైర్ల వెంబడి పైకి పాకి బల్లంతా జిడ్డవుతుంది, వైర్ల తొడుగులు బిరుసెక్కుతాయి, రిపేరు వస్తే చేతులు మోచేతిదాకా నూనె, కంపెనీ గ్యారంటీ పోయినట్టే. ఒక్కటి మాత్రం చెప్పలేదు. లోపల పళ్లేలు తిరిగే హార్డ్ డిస్కుకు మూత మీద సూదిమొనంత రంధ్రం ఉంటుంది. అది ఊపిరి తీసుకునే దారి. అందులోంచి నూనె దిగితే డిస్కు చచ్చిపోతుంది. దాన్ని తొట్టి బయటే ఉంచాలి.

శంకరన్న జాగ్రత్త మనిషి. ప్రతి పెళ్లినీ రెండు డిస్కుల్లో దాచేవాడు. తొట్టి అమర్చడానికి బోధన్‌లో స్టూడియోకు పోయిన రోజు ఆ రెండూ చేతుల్లో పట్టుకుని అడిగాడు.

“తమ్మీ, ఇవి గూడ లోపట్నే పెట్టాల్నా, బయటుంచాల్నా?”

“లోపట్నే పెట్టు అన్నా. అవి గూడ సల్లగుంటయ్.”

“రెండూనా? ఏం గాదు గద?”

“ఏం గాదు.”

అంతే. ముందే అనుకుని వెళ్లానా? లేదనే అనుకునేవాణ్ని. కానీ ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చింది? ఎన్నాళ్లనుంచో నోట్లో నానుతున్నట్టే వచ్చింది.

తొట్టికి పూజ చేశాడు. అద్దానికి పసుపు, కుంకుమ, పక్కన నిమ్మకాయలు. కొబ్బరికాయ కొట్టినప్పుడు నీళ్లు నూనెలో పడకుండా నేనే చెయ్యి అడ్డం పెట్టాను. చూడండి, కొబ్బరినీళ్ల నుంచి కాపాడాను! బజారంతా వచ్చి చూసింది. ఆయన నా భుజం మీద చెయ్యేసి అందరికీ చూపించాడు. ప్రసాదం తిని బస్సెక్కాను.

వారం తిరగకముందే రెండు డిస్కులూ పోయాయి. కెమెరా కార్డులన్నీ అప్పటికే చెరిపేసి వేరే పెళ్లిళ్లకు వాడేశాడు. ఆ సీజను పెళ్లిళ్లేవీ మిగల్లేదు. కబురు తెలిసి పనిగట్టుకుని బోధన్ పోయాను. స్టూడియో ఎదుటి హోటల్లో చాయ్ తాగుతూ కూర్చున్నాను. పెళ్లివాళ్లు ఆయన్ను బజార్లో నిలబెట్టి తిడుతున్నారు, ఒకాయన కాలరు పట్టుకున్నాడు. నా కడుపు చల్లబడింది. ఇంకో చాయ్ చెప్పి నెమ్మదిగా తాగాను.

తర్వాత ఒకమ్మాయి నా దుకాణానికి వచ్చింది. ఏర్గట్ల దగ్గర పసుపు పండించే వాళ్ల పిల్ల. ప్లాస్టిక్ కవర్లో నూనె కారుతున్న డిస్కు. శంకరన్నే పంపాడట, అందులోని వీడియో తీస్తే నేనే తీయాలని.

“అన్నా, నా పెండ్లయినంక నెలకే మా బాపు పోయిండు. ఫొటోలున్నయ్ గని, మాట లేదు. అప్పగింతలప్పుడు ఏదో అన్నడు, ఏడుసుకుంట సరిగ్గ ఇనలేదు. గదొక్కటి తీయరాదే?”

విప్పి చూశాను. పళ్లేల మీద గీతలు. లాభం లేదని విప్పకముందే నాకు తెలుసు. “రాదు చెల్లె” అన్నాను. ఆమె నా బల్ల మీద పడిన నూనెను కొంగుతో తుడిచి పోయింది.

శంకరన్న మీద నాకు ఇప్పటికీ జాలి లేదు. నష్టం ఆయనొక్కడిదే అయితే మళ్లీ అదే మాట చెప్పేవాణ్ని. ఆయన మాత్రం అంతా తన తలరాత అనుకుని, నేను మంచి మెకానిక్‌నని నలుగురికీ చెబుతున్నాడు. అది విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. ఎవరి మీదో చెప్పలేను. ఆ అమ్మాయిని క్షమాపణ అడగలేదు. అడిగే ముఖం నాకు లేదు.

ఆ రోజు హాల్లో నా సంచి బోర్లిస్తే ఏమీ దొరకలేదు, ఎందుకంటే నేనేమీ తీయలేదు. ఒక తండ్రి చివరి మాట దొంగిలించాక మాత్రం నా సంచి ఎవరూ వెతకలేదు. ఈరోజు నేనే బోర్లిస్తున్నాను.