పౌడరు అంటిన అచ్చు

లేసు అల్లే తల్లి వేళ్ల నేర్పే కూతురికి నానో విద్యగా దిగివచ్చిందని కాలేజీ సభలో ఒక పెద్దాయన సెలవిచ్చాడు. ఉత్తి మాట. లేసు వల్ల ఆ తల్లి కృపారాణికి దక్కింది మెడనొప్పీ, మసక చూపూను. కూతురు తబిత చదువు తబిత కష్టపడి చదువుకున్నదే.

అయినా తన పని అమ్మకు చూపించాలని తబితకు ఎన్నాళ్లుగానో ఉంది. అందుకే బెంగళూరు ల్యాబులో చేయించిన సిలికాన్ అచ్చును తిన్నగా భీమవరం కాలేజీకి పట్టుకెళ్లక, ఆదివారం నరసాపురంలో ఇంటికి తెచ్చింది. రూపాయి బిళ్లంత ఉంటుంది. దాని నిండా గీతల్లాంటి సన్నటి గాళ్లు. ఒక్కో గాడి, వెంట్రుకను నిలువునా వంద పాయలు చీలిస్తే ఒక పాయంత వెడల్పు. అచ్చు మీద మెత్తటి రబ్బరు పోసి, ఆరాక ఒలిస్తే గాళ్లు రబ్బరులోకి దిగుతాయి. ఆ రబ్బరు మీద నరాల కణాలు పెంచాలి. అవి గాడి వెంట సాగితేనే ఆమె పరిశోధన నిలుస్తుంది. అచ్చు ఒక్కటే ఉంది.

డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టి, టార్చి కోసం లోపలికెళ్లింది. తిరిగొచ్చేసరికి అచ్చు అమ్మ చేతిలో ఉంది.

"అమ్మా, ముట్టుకున్నావా?"

"వట్టి చేతుల్తో కాదులేవే. కడుక్కుని పౌడరు కూడా రాసుకున్నాను."

తెల్ల దారానికి చెమట మరక పడకూడదని, లేసు పట్టే ముందు ఎప్పుడూ చేసే పనే అది. దారానికిచ్చే మర్యాదే కూతురి వస్తువుకీ ఇచ్చింది. అచ్చు నడిమధ్యన తెల్లగా బొటనవేలి ముద్ర పడింది.

"గీతలన్నావు, నా కంటికేం ఆనలేదు. రంగులు మాత్రం కనపడ్డాయి, పావురం మెడ మీద ఉంటాయే, అలాగ." కృపారాణి తలెత్తి కూతుర్ని చూసింది. "ఏంటలా నిలబడిపోయావు? పాడు చేశానా?"

"లేదులే," అంది తబిత. అది అబద్ధమో కాదో తనకే తెలియదు.

మర్నాడు భీమవరం కాలేజీ ల్యాబులో గాలి ఊదినా, కడిగినా గాళ్లలో ఇరుక్కున్న పొడి వదల్లేదు. ఇక చేసేది లేక దాని మీదే రబ్బరు పోసింది. ఆరాక అంచు పట్టి మెల్లగా ఒలిచింది. పొడంతా రబ్బరుకే అంటుకుని వచ్చేసింది. అడుగున అచ్చు తళతళలాడింది. మళ్లీ పోసింది. వారం తిరిగేసరికి ఆ రెండో రబ్బరు మీద కణాలు నాట్లేసిన వరి చేనులా బారులు తీరాయి.

పొడి అంటిన మొదటి రబ్బరు పరిశోధనకు పనికిరాదు. దాన్ని ఇంటికి తెచ్చి అమ్మ అరచేతిలో పెట్టింది.

"ఇదేంటే?"

"నీ వేలిముద్ర."

కృపారాణి దాన్ని కిటికీ వైపు తిప్పి చూసింది. "మరి అసల్ది?"

"బానే ఉందమ్మా."

"అబద్ధాలాడకు. గీతలు ఆనకపోతే ఏం, ఆ రోజు నీ మొహం ఆనింది."

"అయితే ఇప్పుడు చూడు," అంటూ తబిత వెలుతురులోకి జరిగింది.

కృపారాణి చేతులు కడుక్కోలేదు, పౌడరు రాసుకోలేదు. కూతురి గడ్డం పట్టుకుని దగ్గరకు లాక్కుంది.