రంగం ఓడకు ఇత్తడి కమ్మీలు

ఓడ వెనక భాగంలో, డెక్కు మీదే కూర్చుని, డెక్కు మీదే పడుకుని ప్రయాణం చేసేవాళ్ళ చోట, అంచు పొడుగునా ఒకే ఒక్క గొలుసు ఉండేది. నడుమెత్తున గొలుసు, దాని కింద అంతా ఖాళీ. పాకే పిల్ల ఆ ఖాళీలోంచి సముద్రంలోకి పోవచ్చు. కాలు జారితే పెద్దవాడూ పోవచ్చు. ముందు భాగంలో, దొరలు సాయంత్రం పూట పచార్లు చేసే చోట మాత్రం మూడు వరసల ఇత్తడి కమ్మీలు, వాటి మీద నున్నటి టేకు చేపట్టు. ఒకే ఓడ, ఒకే సముద్రం! ఇది నేను ఎవరో చెప్పగా విన్నది కాదు. గోపాల్‌పూర్ ఎదట లంగరు వేసి ఉన్న ఆ ఓడ మీదికి, కెరటాలు దాటించే మసూలా పడవలో వెళ్ళి, కొలబద్ద పెట్టి కొలిచి, పుస్తకంలో రాసుకున్నాను. రాసుకుని కూడా అబద్ధం చేశాను.

గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజులవి. బరంపురంలో మాది ఇనప సామాన్ల కొట్టు. మేకులు, తాళాలు, మోకులు అమ్మేవాళ్ళం. నాకు కొట్టు మీద కన్నా వెనక గదిలో చేసుకునే ఆవిరి బొమ్మల మీదే ధ్యాస. ఆ సంగతి విని గోపాల్‌పూర్‌లోని ఓడ ఏజెన్సీ పెద్ద గుమాస్తా నన్ను పిలిపించాడు. రంగూన్‌ని మావాళ్ళు రంగం అనేవారు. అక్కడి బియ్యం మిల్లులకి, రేవులకి కూలిజనాన్ని తీసుకుపోయే ఓడ వాళ్ళది. అచ్చం అలాంటిదే, ఆవిరితో నిజంగా నీళ్ళ మీద నడిచే చిన్న ఓడ చేసిపెట్టమన్నాడు.

కార్తీక పున్నమినాడు తెల్లవారుజామున మా వైపు జనం అరటి దొప్పల పడవల్లో దీపాలు పెట్టి నీళ్ళలో వదులుతారు. పూర్వం వర్తకులు దూరదేశాలకి ఓడలెక్కిన రోజు అదేనని నమ్మకం. ఆ రోజున గోపాల్‌పూర్ ఇసకలో రేకు తొట్టి కట్టి, నా ఓడ నడిపించి, చూడవచ్చినవాళ్ళని రంగం ప్రయాణానికి ఒప్పించాలని వాళ్ళ ఎత్తు. ఓడకి చిన్న ఇత్తడి పలక వేసి దాని మీద నా పేరు చెక్కిస్తానన్నాడు గుమాస్తా. నేను పడిపోయింది అక్కడే.

ఓడ సంగతులు చెప్పడానికి పొడంపేట నుంచి ఒక ముసలి జాలరి వచ్చేవాడు. ఆ ఓడలోనే చాలా ఏళ్ళు కళాసీగా పనిచేసి మానేసినవాడు. పుస్తకంలో రాసుకున్న కొలతల్ని అడుగుకి పావు అంగుళం చొప్పున కుదించి, ఐదడుగుల ఓడ తయారు చేశాను. పొగగొట్టం వాలు దగ్గర్నుంచి లంగరు గొలుసు దాకా అన్నీ అతను చెప్పినట్టే. చివరికి కమ్మీలు మిగిలాయి.

కమ్మీలు చిన్న పని అనుకుంటారు. కాని ఓడ ఎంత పెద్దదో కంటికి చెప్పేవి అవే. మూడడుగుల కమ్మీ ముప్పావు అంగుళమే ఉండాలి. కాస్త ఎత్తయినా, కాస్త లావయినా ఓడ కాస్తా చేపల పడవయిపోతుంది. మొదట వెదురు పుల్లలు చీల్చి పెట్టాను, ఆవిరి తగిలి వంకర్లు పోయాయి. ఇనప తీగ ఉప్పుగాలికి వారంలో తుప్పెక్కింది. చివరికి ఒక కంసాలి దగ్గరికి వెళ్ళి, తీగని సన్నం చేసే చిల్లుల పలక ఉంటుంది, కమ్మచ్చు అంటారు, అందులో ఇత్తడిని లాగించుకున్నాను. నిలువు గుంజలకి అతను పూసల్లాంటి చిన్న చిన్న గుండ్లు చేసి, చిల్లులు పెట్టి ఇచ్చాడు. కాసులపేర్లు చేసిన చేతులు కదా, గుంజలు కూడా నగల్లాగే వచ్చాయి.

ముసలివాడు వాటిని అరచేతిలో పోసుకుని చూశాడు.

"సక్కగున్నాయి బాబూ. ముందుకి ఎయ్యి. ఎనకాల మాత్రం గొలుసే."

"అంతా ఒకలాగుంటే అందం కదా తాతా?"

"అందమేటి బాబూ! మా తమ్ముడు ఆ గొలుసు కిందనుంచే ఎల్లిపోనాడు. నాను లంగరు కాడున్నాను. కెరటం డెక్కు మీదకి ఎక్కింది. దిగేసరికి ఆడు లేడు. కంపెనీవోళ్ళు ఏటి రాసేరో తెలుసా? తాగీసి దూకీసినాడని. మావోడు సుక్క ముట్టడు!"

గుంజల్ని నా చేతిలో పోసి మళ్ళీ అన్నాడు.

"గొలుసు కనబడితే జనం ఇదేటని అడుగుతారు. అడిగితే నాను సెప్తాను, పిల్లల్ని మోకుతో నడుముకి కట్టుకోండర్రా అని. అందుకే కాళ్ళీడ్చుకుని ఇంత దూరం వత్తన్నాను. నీ బొమ్మ కోసం కాదు."

గొలుసే వేస్తానని మాటిచ్చాను. వేశాను కూడా. మర్నాడు గుమాస్తా వచ్చి చూశాడు.

"ఏటయ్యా ఇది, శెట్టిగారబ్బాయీ? గేదెని కట్టడానికా ఈ గొలుసు?"

"ఓడలో అలాగే ఉందండి."

"ఓడలో బొద్దింకలు కూడా ఉన్నాయి. అవీ సేసి పెట్టెయ్. నీ బొమ్మలో ఎక్కేది ఎవుడయ్యా, సీమలా? పడిపోతాయని బెంగేటి? జనానికి సూపించేది సక్కగుండాల. సుట్టూ ఇత్తడే ఎయ్యి. కాదంటావా, నీ పేరు పలకకి సోటుండదు మరి."

అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కంపెనీకి ఇత్తడి కరువా? దొరల కమ్మీలకి రోజూ మెరుగు పెట్టడానికి మనుషులుండేవారు. వెనక ఇంకో రెండు వరసల గొలుసైనా వేయలేకపోయారా? అక్కడ కూర్చునేవాడు పోతే అడిగేవాడు లేడు, అందుకని వేయలేదు. అది వాళ్ళ పాపం. లేని కమ్మీలని ఉన్నట్టు చేసి చూపించినవాణ్ణి నేను. దానికి ఏ కంపెనీని తిట్టను?

గొలుసు పీకేశాను. అంచు వెంబడి బరమాతో చిల్లులు వేసి, గుంజలు దిగ్గొట్టి, తీగ గుచ్చి, చివర్లకి టంకం పెట్టాను. లోపల ఆవిరి పుట్టించే స్పిరిటు దీపం వెలిగించాలంటే డెక్కులో ఒక ముక్క పైకి లేవాలి. దాంతోపాటు కమ్మీ విడివడాలి, మళ్ళీ పెడితే అతుకు గుంజ వెనక దాగిపోవాలి. అది కుదరడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో ముసలివాడి మాట ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదంటే నమ్ముతారా? నీళ్ళలో పెడితే పైనున్న ఇత్తడి బరువుకి ఓడ పక్కకి ఒరిగింది. అడుగున సీసం కరిగించి పోసి నిలబెట్టాను.

పున్నమినాడు తొట్టి చుట్టూ జనం కిక్కిరిశారు. ఓడ పొగ వదులుతూ ఆ చివరికీ ఈ చివరికీ తిరిగింది. మావాళ్ళకి ఆ రోజు నీళ్ళ మీదున్న ఏ పడవైనా పూజకొచ్చినదే. బొమ్మని బొమ్మ అనుకోలేదు. వక్కలు, పూలు, పసుపు బియ్యం వేశారు. చికిటి దగ్గర పల్లె నుంచి వచ్చామని గుమాస్తాతో చెప్పుకున్న ఒకామె, చంకలో పాకే వయసు పిల్లతో, వెనక కమ్మీని వేలితో ముట్టి కళ్ళకద్దుకుంది.

"సుట్టూ ఎంత బాగా కట్టీసేరో సూడు. మన గుంట పాకినా పడదు."

"నాను సెప్పలేదేటే? నివ్వే బయపడి సచ్చేవు," అన్నాడు మొగుడు.

నేను వాళ్ళకి బారెడు దూరంలో ఉన్నాను. నా పేరు పలక మీద పసుపు పడితే తుడుస్తున్నాను.

అప్పుడే ముసలివాడు జనాన్ని తోసుకుని వచ్చాడు. వంగి కమ్మీల మధ్య వేలు దూర్చబోయాడు. దూరలేదు.

"గొలుసేది బాబూ?"

"గుమాస్తాగారు..."

"గుమాస్తాని నాను అడగలేదు."

నా నుంచి మొహం తిప్పుకుని ఆమె వైపు తిరిగాడు. "ఓలమ్మా, ఓడలో ఎనకాల ఇలాగుండదు. ఒక్క గొలుసే. గుంటని మోకుతో..."

"తాగీసొచ్చేడు. లాగీండ్రా ఆడిని!" అని అరిచాడు గుమాస్తా.

ఇద్దరు బంట్రోతులు రెక్కలు పట్టుకున్నారు. ఆమె ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది. తమ్ముడి మీద రాసిన మాటే అన్న మీద కూడా. అది అబద్ధమని ఆ ఇసకలో గుమాస్తా కాక తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అతను నా వైపు చూశాడు, నేను చెబుతానని. నేను దీపం వత్తి సరిచేయడానికి వంగాను. ఆ మొగుడూ పెళ్ళాలిద్దరూ గుమాస్తా చాపిన రంగం ఒప్పంద కాగితం మీద వేలిముద్రలు వేశారు.

మరుసటి ఏడు బాయిలరు కారుతోందని బొమ్మ ఓడని నా దగ్గరికి బాగుకి పంపారు. వెనక కమ్మీలు ఊడబెరికి గొలుసు వేశాను. గుమాస్తా అలాంటిది నాకక్కర్లేదన్నాడు. పేరు పలక కూడా పీకేసి, ఓడని కొట్టు ముందు మోకుల పక్కన పెట్టాను. రంగం వెళ్ళేవాళ్ళు తాళాలకి వస్తే చూపించి, పిల్లల్ని ఎలా కట్టుకోవాలో చెప్పి, మోకు ముక్క కోసి ఇచ్చేవాణ్ణి. కొందరు విన్నారు, కొందరు నవ్వి పోయారు.

ఒకసారి ముసలివాడే వచ్చాడు. గొలుసు కింద వేలు దూర్చి అటూ ఇటూ ఆడించి చూశాడు.

"ఇప్పుడు బాగుంది. మరి ఆ సికిటి అమ్మికి ఎవులు సెప్తారు బాబూ?"

నేను చేతిలో ఉన్న మోకుని చుట్ట చుడుతూ కూర్చున్నాను.