పంజాగుట్టలో పుట్టిన ఎడమ తలుపు

ఉస్తాద్ పోయారని పోయిన శుక్రవారం పొద్దున వాళ్ళబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. అమీర్‌పేటలో నా జావా క్లాసు సగంలో ఉంది. చేతిలో మైకుందన్న సంగతి మరిచి "అయ్యో ఉస్తాద్!" అనేశాను. పిల్లలు బిత్తరపోయారు.

కార్లకు రేకు పని చేసేవారాయన. పంజాగుట్టలో ఓ సందులో షెడ్డు. ఆయన గురించి రాయాలంటే ముందు మా నాన్న కారు గురించి చెప్పాలి. నాన్న సినిమాలకు సామాన్లు సమకూర్చేవారు. షూటింగులయ్యాక ఎవరో మూలన పడేసిన ఎర్రటి ఇటలీ రేసు కారును, రెండే సీట్లది, తెచ్చి శ్రీనగర్ కాలనీలో మా వాకిట్లో పెట్టారు. అసలు ఇటలీదే అని నాన్న. "సెట్టింగు కారండీ, లోపలన్నీ అట్టముక్కలే" అని కాలనీ మొత్తం. ఆయన పోయేదాకా ఆ ఎగతాళి ఆగలేదు. అందుకే దాన్ని బాగు చేయించి, పాత కార్ల ప్రదర్శనలో తెలిసినవాళ్ళ నోట "అసలుదే" అనిపించాలని నాకు పంతం.

ఉస్తాద్ మొదటిరోజే కారు చుట్టూ తిరిగి, కుడి తలుపు లోపలివైపు కళ్ళు మూసుకుని తడిమి, పకపకా నవ్వారు.

"చేత్తో కొట్టిన రేకు బిడ్డా గిది. కొట్టినాయన ఎడమచేతి వాటం. సుత్తి దెబ్బలు జూడు, అన్నీ గిటే వాలినయ్."

ఆనాటి నుంచి ఆ ముక్కూ మొహం తెలియని మనిషి మాకు 'ఇటలీ ఉస్తాద్' అయిపోయాడు. అతను పక్క సందులోనే ఉంటాడన్నట్టు ఉస్తాద్ మాట్లాడేవారు. "గీడ జర తొందరపడ్డడు. ఛాయ్ టైమ్ అయ్యుంటది."

ఎడమ తలుపు చివికి చేతికి ఊడొచ్చింది. కొత్తది చెయ్యాలి. అచ్చం కుడిదానిలాగే రావాలని, ఉస్తాద్ సుత్తిని ఎడమచేతిలోకి మార్చారు! నెల రోజులు కుడి బొటనవేలు వాచిపోయింది. మెషీన్ మీద ఒత్తించేయమన్నందుకు నా మీద మండిపడ్డారు. "నున్నగొస్తది. నున్నగొస్తే కారు గాదు, బిస్కెట్ డబ్బా అయితది."

బిస్కెట్టంటే గుర్తొచ్చింది. ఉస్మానియా బిస్కెట్‌ను ఛాయ్‌లో ముంచి, అది విరిగిపడేలోగా నోట్లో వేసుకోవడం ఆయన ఆట. రోజూ ఓడిపోయేవారు.

ప్రదర్శన రోజున పరిశీలకుడు మా కారు చుట్టూ తిరిగి ఎడమ తలుపు దగ్గర ఆగాడు. "ఇదీ ఇటలీ పనితనమంటే! కారు అసలుదేనండీ. కుడి తలుపే ఎవరో ఇక్కడ అతుకేసినట్టున్నారు."

నాన్న మాట నెగ్గింది! ఉస్తాద్ నోరు మూసుకుని ఉంటే ఏం పోయేది?

"సార్, గది నేను చేసిన. పంజాగుట్టల."

అంతటితో ఊరుకున్నారా? పరిశీలకుడి వేలు పట్టుకుని తలుపు అంచు లోపల పెట్టించారు. మూడు చుక్కలు. తాను చేసిన ప్రతి ముక్క మీదా ఉలితో కొట్టే గుర్తది. తర్వాత కుడి తలుపు తెరిచి, టార్చి వేసి, ఇటలీ ఉస్తాద్ సుత్తి దెబ్బలన్నీ చూపించారు. పరిశీలకుడు మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. ఒక తలుపు కొత్తదని బహుమతి ఇవ్వలేదు. కానీ కాగితం మీద రాసిచ్చాడు: కారు అసలుది, ఎడమ తలుపు పంజాగుట్టలో తయారైంది.

తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా ఆయన మీద అరిచాను. "మీరు చెప్పకపోతే ఎవరికి తెలిసేది ఉస్తాద్?"

"ఇటలీ ఉస్తాద్‌కు తెలుస్తది. నా పని ఆయన పేరు మీద పోతే ఆయనకు శరం, నాకు సుత శరం."

ఎర్రమంజిల్ దాకా సణుగుతూనే ఉన్నాను. అక్కడ సిగ్నల్ పడింది. ఉస్తాద్ మెల్లగా అన్నారు: "కానీ బిడ్డా, సార్ ఎంత మస్తుగ మోసపోయిండు!" ఇద్దరం పడీపడీ నవ్వాం. పచ్చలైటు వచ్చినా కారు కదల్లేదు.

ఆ కాగితం ఇప్పుడు మా హాల్లో ఫ్రేములో ఉంది. అట్టముక్కలని నవ్వినవాళ్ళలో ఒక పెద్దాయనే చుట్టాలను తీసుకొచ్చి చూపిస్తుంటాడు.

నిన్న ఆ కారులోనే ఉస్తాద్ ఇంటికి వెళ్ళాను. ఆయన భార్యను చాచీ అంటాను. భర్త పోయాక పాటించే ఇద్దత్ రోజులు కాబట్టి ఆమె గడప దాటరు. కోడలు ఛాయ్ తెచ్చింది. ట్రే కింద నా వేళ్ళకు ఏదో తగిలింది. మూడు చుక్కలు.

నా మొహం చూసి చాచీ నవ్వారు. "ఇంట్ల అన్నిటికీ ఉన్నయ్ బిడ్డా. గిన్నెల మూతలకు, కుర్చీ కాళ్ళకు. నీ కారు చేసిన నెలల ఎడమచేత్తో ఛాయ్ తాగుడు నేర్సిండు. నా చీరలన్నీ ఖరాబ్ చేసిండు." నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. "ఏ తలుపు ఆయనది?"

బయటికి వెళ్ళి, ఆ ఇరుకు సందులో కారును ముందుకీ వెనక్కీ జరిపి జరిపి, వాళ్ళ కిటికీకి ఆనేటట్టు ఎడమ తలుపు తెరిచి పెట్టాను. వెనక ఆటోలు హారన్లు కొడుతున్నాయి. కొట్టుకోనీ. చాచీ కిటికీ ఊచల్లోంచి చెయ్యి చాపి, కళ్ళు మూసుకుని, తలుపు అంచు లోపల నెమ్మదిగా తడుముతున్నారు.